కెమెరా ఎవరి పక్కన నిలబడింది? షాట్లు, యాంగిల్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

షార్ట్ ఫిల్మ్ తీద్దామని వచ్చే కుర్రాళ్లతో కూర్చున్న ప్రతిసారీ ఇవే ప్రశ్నలు వస్తాయి. ఒకచోట రాసి పెడితే మీకూ నాకూ పని తగ్గుతుంది. మాటలు మాత్రం సెట్లో వాడుకునేవే వాడాను. ఎంత మంచి అనువాదమైనా "సమీప దృశ్యం పెట్టండి" అంటే కెమెరా అసిస్టెంటు నవ్వి ఊరుకుంటాడు.

షాట్ వేరు, యాంగిల్ వేరా?

వేరే. మనిషి ఫ్రేములో ఎంత మేరకు కనబడుతున్నాడన్నది షాట్ సైజు. ఊరంతా కనబడి మనిషి చీమంత ఉంటే ఎక్స్‌ట్రీమ్ లాంగ్, తల నుంచి కాళ్ల దాకా ఉంటే లాంగ్, నడుం పైకి ఉంటే మిడ్, మొహం ఒక్కటే అయితే క్లోజప్. వస్తువునో చేతినో విడిగా తీస్తే ఇన్సర్ట్. కెమెరా ఎంత ఎత్తులో ఉంది, అక్కణ్ణుంచి పైకి చూస్తోందా కిందికి చూస్తోందా అన్నది యాంగిల్. ఈ రెండూ కలిపి చెప్తేనే షాట్ తెలుస్తుంది. "లో యాంగిల్ పెట్టు" అని వదిలేస్తే క్లోజప్పా, లాంగా అని ఎదురు ప్రశ్న వస్తుంది, రావాలి కూడా.

డైలాగు అదే, నటులు వాళ్లే. కెమెరా చోటు మారితే అంత ఏం మారిపోతుంది?

ఒక చిన్న సీను అనుకుందాం. రాత్రి తొమ్మిదయింది. వంటింట్లో అమ్మ చపాతీలు కాలుస్తోంది. కొడుకు గుమ్మం దగ్గర ఆగి "అమ్మా, ఉద్యోగం పోయింది" అంటాడు. అమ్మ "ముందు తిను" అంటుంది. అంతే, రెండు ముక్కలు.

కెమెరాని హాల్లో, కొడుకు వెనకాల పెట్టండి. ముందర అతని వీపు, గుమ్మం అవతల చిన్నగా అమ్మ. చెప్పలేక నిలబడ్డ అతనితోపాటు మనమూ నిలబడ్డాం. అమ్మ "ముందు తిను" అనగానే గుండెల మీద బరువు దిగుతుంది.

ఇప్పుడు కెమెరాని లోపలికి తెచ్చి పొయ్యి పక్కన, అమ్మ చేతుల ఎత్తులో పెట్టండి. ముందు పెనం, వెనక ఫోకస్ లేకుండా కొడుకు. అతను మాట అనగానే చపాతీ తిప్పబోయిన చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. పెనం మీద అంచు నల్లబడుతుంది. "ముందు తిను." ఈసారి ఆ మాట కొడుక్కి ఓదార్పులా లేదు, ఆవిడ తన భయాన్ని మింగినట్టుంది. చెయ్యి ఆగడం కొడుక్కి కనబడలేదు, మనకి కనబడింది. ఆ రహస్యంతో మనం అమ్మ పక్షం చేరిపోయాం.

మూడోసారి ఇంటి బయటికి వెళ్లి కిటికీ చువ్వల్లోంచి ఇద్దర్నీ లాంగ్ షాట్‌లో చూడండి. మాటలు సగమే వినబడతాయి. ఉద్యోగం పోయిన బాధ కన్నా పక్కవాళ్లకి తెలిసిపోతుందేమోనన్న బెంగ ముందుకొస్తుంది.

నటన మారలేదు, లైటింగ్ కూడా పెద్దగా మారలేదు. మనల్ని ఎవరి పక్కన నిలబెట్టారన్నది మారింది. ఇక్కణ్ణుంచి నేను ఏ షాట్ గురించి చెప్పినా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను.

లో యాంగిల్ అంటే పవర్, హై యాంగిల్ అంటే బలహీనత. అంతే కదా?

పుస్తకాల్లో మొదటి పేజీలో ఉండే సూత్రం ఇది. సగం నిజం. చిన్నప్పుడు నాన్ననీ మేష్టార్నీ మనం తలెత్తే చూశాం కాబట్టి కింద నుంచి చూసిన మనిషి పెద్దగా తోస్తాడు. కానీ దీన్నే పట్టుకుని విలన్ కనబడ్డప్పుడల్లా కెమెరాని నేలకి దించితే మూడో షాట్‌కి ప్రేక్షకుడు పట్టించుకోవడం మానేస్తాడు.

ఆ సూత్రానికి అడ్డం తిరిగే ఉదాహరణ ఒకటి చూడండి. ఆర్సన్ వెల్స్ 1941లో తీసిన 'సిటిజన్ కేన్'లో హీరో ఎన్నికల్లో ఓడిపోతాడు. ఖాళీ అయిపోయిన ఎన్నికల ఆఫీసులో పాత స్నేహితుడు వచ్చి నిలదీస్తాడు. కెమెరామన్ గ్రెగ్ టోలండ్ ఆ సీనంతా నేలబారు నుంచి పైకి తీశాడు. కెమెరా సరిపడా కిందికి దిగట్లేదని సెట్లో నేలనే తవ్వించారు. సూత్రం ప్రకారమైతే అక్కడ కేన్ మహా బలవంతుడుగా కనబడాలి. కనబడేది ఒక భారీ శరీరం, దాని నెత్తిమీద నొక్కుతున్న పైకప్పు. అప్పట్లో స్టూడియో సెట్లకి సాధారణంగా పైకప్పు ఉండేది కాదు, లైట్లూ మైకులూ అక్కణ్ణుంచే కాబట్టి. వీళ్లు పల్చటి గుడ్డతో కప్పు కట్టి మైకుల్ని దాని వెనక దాచారు. కేన్ ఎంత పెద్దగా ఉంటే గది అంత ఇరుకైంది. ఓడిపోయిన మనిషిని కింద నుంచి చూపించి ఇంకా ఓడించారు.

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజుది మరో దారి. 'టోక్యో స్టోరీ' (1953) చూడండి. కెమెరా దాదాపు ఎప్పుడూ చాప మీద కూర్చున్న మనిషి ఎత్తులోనో, అంతకన్నా కిందో ఉంటుంది, లెన్స్ కూడా ఎక్కువగా 50 ఎం.ఎం. ఒక్కటే. అందులో ఎవరూ బలవంతుల్లా కనబడరు. ముసలి దంపతుల ఎదురుగా మనమూ నేలమీద కూర్చుని టీ తాగుతున్నట్టుంటుంది. కెమెరా కిందున్నా చూపు పైకి ఎత్తలేదు, సమంగానే ఉంచాడు. ఎత్తు వేరు, వంపు వేరు అని ఇంత బాగా చెప్పిన పాఠం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

కాబట్టి యాంగిల్ అర్థం అంతకుముందు షాట్‌తో పోల్చినప్పుడే తెలుస్తుంది. సీనంతా కళ్ల ఎత్తులో నడిచి, ఒక్క మాట దగ్గర కెమెరా అడుగు దిగితే చాలు, హాలు సర్దుకుని కూర్చుంటుంది.

మన సినిమాల్లో హీరో ఎంట్రీకి ముందు బూట్లు, చెయ్యి, వీపు ఎందుకు చూపిస్తారు? పాత వాసన కాదా?

పాతదే, సినిమా కన్నా పాతది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలబడి ముందు తన జడని తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. మొహం ఇంకా కనబడలేదు. జడ ఒక్కటే వేలాడుతుంటుంది, ఆవిడ ఎంత గడుసుదో ఆ జడే చెప్పేస్తుంది. నన్నడిగితే అది ఇన్సర్ట్ షాటే. కెమెరా లేదు, అంతే.

కారు డోరు తెరుచుకుని బూటు నేలకి ఆనడం, దుమ్ము లేవడం, తర్వాత లో యాంగిల్‌లో వీపు, చివరికి తిరిగిన మొహం: ఇక్కడ పనిచేసేది యాంగిల్ కన్నా దాచిపెట్టడం. అప్పుగా పెట్టిన ఆత్రాన్ని మొహంతో తీరుస్తారు. సెకనుకి మామూలు 24 ఫ్రేములకి బదులు 48లో తీసి 24లో నడిపితే కదలిక సగం వేగానికి పడిపోతుంది, ఆత్రం కాస్త సాగుతుంది. విజిల్ పడేది అక్కడ. చిక్కెక్కడంటే, అదే పద్ధతి హీరో కాఫీ తాగడానికీ లిఫ్ట్ ఎక్కడానికీ వాడేస్తున్నారు. జడ ప్రతి చరణానికీ తెర మీద పడితే సత్యభామనైనా ఎవరు చూస్తారు?

క్లోజప్ ఎప్పుడు వెయ్యాలి?

దాచుకోగలిగినంత సేపు దాచుకోండి. సీను మొదలవగానే మొహాలు చూపించేస్తే అసలు మాట వచ్చినప్పుడు ఇంకా దగ్గరికి వెళ్లడానికి చోటుండదు. డైలీ సీరియళ్లలో ఒక్క మాటకి ఆరుగురి మొహాలు వరసగా చూపించేది ఎపిసోడు నిడివి కోసం, దాన్ని ఆదర్శంగా తీసుకోకండి.

అయితే దీనికీ ఎదురు ఉదాహరణ ఉంది. డెన్మార్క్ దర్శకుడు కార్ల్ డ్రేయర్ 1928లో తీసిన 'ద ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్' చాలావరకు మొహాల మీదే నడుస్తుంది. మూకీ సినిమా, మేకప్ కూడా లేదు. జోన్ పాత్ర వేసిన ఫాల్కనెట్టి మొహం మీద కన్నీటి చుక్క జారడమే అక్కడ సంఘటన. జోన్ మీద సాగే ఊపిరాడని విచారణలో మనకీ తప్పించుకునే జాగా ఉండకూడదని ఆయన పంతం పట్టాడు, పంతం చివరిదాకా నిలబెట్టుకున్నాడు. మీకూ అలాంటి కారణముంటే సినిమా అంతా క్లోజప్‌లోనే తీయండి.

ఫ్రేము అంచు మాత్రం కీళ్ల దగ్గర పడనివ్వకండి. మోకాలి దగ్గరో మణికట్టు దగ్గరో ఆగితే మనిషి నరికినట్టుంటాడు. కాస్త పైకో కిందికో జరపండి.

సజెషన్ షాట్ అంటారే, దానికీ సోలో క్లోజప్‌కీ తేడా ఏంటి?

ఒకరి భుజం మీదుగా ఎదుటివాళ్లని తీయడాన్ని మన సెట్లలో సజెషన్ అంటారు. భుజం ఫ్రేములో ఉన్నంతసేపు ఇద్దరూ ఒకే గదిలో, ఒకే మాటలో ఉన్నట్టు. భుజం తీసేసి సోలో వేశారంటే మధ్యలో గోడ లేచినట్టు. భార్యాభర్తల సీను సజెషన్స్‌తో మొదలుపెట్టి, "నీకెందుకు చెప్పాలి" అన్న మాట దగ్గర సోలోకి వెళ్లండి. ఒక్క డైలాగు పెంచకుండా విడిపోయినట్టు చూపించవచ్చు. కలిపేటప్పుడు భుజం తిరిగొస్తుంది.

పాయింట్ ఆఫ్ వ్యూ షాట్ అంటే పాత్ర కళ్లతో చూడటమేనా?

అవును గానీ ఆ షాట్ ఒంటరిగా పనిచెయ్యదు. చూసిన మొహం, కనబడిన వస్తువు, మళ్లీ మొహం: మూడూ కలిస్తేనే.

రష్యాలో లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగాన్ని సినిమా స్కూళ్లన్నీ చెప్తాయి. భావమేమీ లేని ఒక నటుడి మొహం పక్కన సూప్ గిన్నె, శవపేటిక, స్త్రీ బొమ్మ విడివిడిగా అతికిస్తే చూసినవాళ్లకి ఆకలి, దుఃఖం, కోరిక కనబడ్డాయని. మొహం ఒకటే, పక్కనున్నది మారింది.

నాకు మాత్రం అంతకన్నా మంచి బొమ్మ 'మాయాబజార్' (1957)లో దొరికింది. ప్రియదర్శిని పేటిక గుర్తుందా? అందులోకి ఎవరు చూస్తే వాళ్ల మనసులో ఉన్నవాళ్లు కనబడతారు. శశిరేఖ చూస్తే అభిమన్యుడు, కృష్ణుడు చూస్తే శకుని! కృష్ణుడి మనసులో శకుని ఏంటని నవ్వొస్తుంది, ఆ తర్వాత ఆలోచన వస్తుంది. పాయింట్ ఆఫ్ వ్యూ షాట్ చెయ్యాల్సిన పని అదే. అవతల ఏముందో చూపిస్తూ, చూసినవాడి లోపల ఏముందో బయటపెట్టాలి. మీ పాత్ర గదిలోకి రాగానే ముందు దేన్ని చూస్తుంది? టీవీనా, గోడ మీద ఫొటోనా, ధర తెలియని సోఫానా? అది తేలకుండా ఆ షాట్ రాయకండి.

లైన్ దాటడం అంటే ఏంటి? దాటితే కొంపలు మునుగుతాయా?

మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకోండి. కెమెరా ఆ గీతకి ఒకవైపే, 180 డిగ్రీల లోపలే తిరగాలి. అప్పుడు ఒకరి లుక్ ఎడమకి, ఇంకొకరిది కుడికి పడుతుంది, ఎదురెదురుగా ఉన్నారని తెలుస్తుంది.

నా మొదటి షార్ట్ ఫిల్మ్‌లో అరుగు మీద అన్నదమ్ములు పొలం వాటా గురించి గొడవ పడే సీనుంది. మధ్యాహ్నానికి ఎండ తిరిగింది. నీడ కోసం తమ్ముడి క్లోజప్‌ని అవతలివైపు నుంచి తీశాం. అక్కడున్న నలుగురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎడిటింగ్‌లో చూస్తే ఇద్దరూ కుడివైపే చూస్తున్నారు. అన్నదమ్ములు పోట్లాడుకుంటున్నట్టు లేదు, ఇద్దరూ కలిసి ఎవరో మూడోవాణ్ణి తిడుతున్నట్టుంది! అదృష్టం కొద్దీ అరుగు కింద పడుకున్న కుక్క షాటు ఒకటి ఊరికే తీసి పెట్టుకున్నాం. మధ్యలో దాన్ని ఇరికించి గండం గట్టెక్కాం. చూసినవాళ్లలో ఒకాయన ఆ కుక్క దేనికి ప్రతీక అని అడిగాడు. ఏదో చెప్పాను.

కావాలని దాటొచ్చు. మాటల మధ్య పైచేయి మారిన క్షణంలో కెమెరా ట్రాలీ (పట్టాల మీద నడిచే బండి) మీద కనబడేలా అవతలికి వెళ్తే ఆ తిరుగుడు ప్రేక్షకుడి ఒంటికి తెలుస్తుంది. చాటుగా, పొరపాటున దాటితేనే తంటా.

టాప్ యాంగిల్ ఎందుకు?

దేవుడి చూపు, విధి చూపు అంటుంటారు. ఒక్కోసారి కారణం చాలా మామూలుగా ఉంటుంది. 'సైకో' (1960)లో మెట్ల పైన డిటెక్టివ్ మీద కత్తితో దాడి జరిగే చోట హిచ్‌కాక్ కెమెరాని కప్పుకి ఎత్తేశాడు. దాడి చేస్తున్న తల్లి పాత్ర మొహం కనబడకూడదు, దాస్తున్నారనీ తెలియకూడదు. పైనుంచి చూస్తే రెండూ కుదిరాయి. వెంటనే పెద్ద క్లోజప్‌కి కట్ చేసేసరికి ఆ ఎత్తు నుంచి దబ్బున పడ్డట్టయింది.

డ్రోన్లొచ్చాక టాప్ యాంగిల్ చవకైపోయింది. ప్రతి షార్ట్ ఫిల్మూ చెరువు మీద ఎగురుతూ మొదలవుతోంది. చెరువుకి కథలో పనుంటే సరే.

కెమెరాని పక్కకి వంచి తీస్తే?

డచ్ యాంగిల్ అంటారు. ప్రపంచం పట్టు తప్పినట్టుంటుంది. యుద్ధంలో చితికిపోయిన వియన్నా నేపథ్యంగా కరోల్ రీడ్ 1949లో తీసిన 'ద థర్డ్ మ్యాన్'లో ఎన్ని వంకర ఫ్రేములంటే, దర్శకుడు విలియం వైలర్ ఆయనకి ఒక రసమట్టం పంపాడట, ఈసారి కెమెరా మీద ఇది పెట్టుకోమని. మేస్త్రీలు గోడకట్టేటప్పుడు వాడే అదే రసమట్టం. రీడ్‌కి వంకరకి కారణముంది: ఎవర్ని నమ్మాలో తెలియని ఊరు అది. మనవాళ్లు కొందరు దెయ్యం సినిమా అనగానే ముందు ట్రైపాడ్ కాలు ఒకటి పొట్టి చేస్తారు.

జూమ్ చేస్తే సరిపోదా, ట్రాలీ ఎందుకు దండగ?

జూమ్‌లో మనం కదలం, బొమ్మ పెద్దదవుతుంది. ట్రాలీలో మనమే నడిచి వెళ్తాం, దారిలో కుర్చీలూ స్తంభాలూ పక్కలకి జరుగుతాయి. జూమ్ వేలెత్తి చూపించడం, ట్రాలీ దగ్గరికి వెళ్లి కూర్చోవడం.

రెండూ ఎదురెదురుగా చేస్తే ఒక గమ్మత్తు ఉంది. ట్రాలీ ముందుకి, జూమ్ వెనక్కి. మనిషి సైజు మారదు, వెనకున్న ప్రపంచం సాగిపోతుంది. 'వెర్టిగో' (1958)లో ఎత్తంటే భయపడే మనిషి కళ్లు తిరగడానికి దీన్ని వాడారు, కనిపెట్టింది ఇర్మిన్ రాబర్ట్స్ అనే కెమెరామన్. 1975లో 'జాస్' బీచ్ సీనులో పోలీసు అధికారి మొహం మీద మళ్లీ కనబడింది. సినిమాకి ఒక్కసారి చాలు.

స్టెడీక్యామ్, గింబల్: ఇవొచ్చాక ట్రాలీకి కాలం చెల్లిందా?

లేదు. చూపు వేరు. స్టెడీక్యామ్ అంటే కెమెరామన్ ఒంటికి కట్టుకుని పరిగెత్తినా బొమ్మ కుదుపు లేకుండా వచ్చే పరికరం. గారెట్ బ్రౌన్ కనిపెట్టిన అది 1976 నుంచి సినిమాల్లో కనబడుతోంది. మన దగ్గర దాని పేరు జనం నోట పడింది 'శివ' (1989)తో. రామ్‌గోపాల్ వర్మ మొదటి సినిమా, కెమెరా ఎస్. గోపాల్ రెడ్డి. సైకిల్ మీద చిన్నపాపని ఎక్కించుకుని శివ తప్పించుకునే ఛేజ్ ఉంటుంది. దూరంగా నిలబడి చూస్తే అది ఛేజ్. కెమెరా వాళ్ల వెంట పడితే మనమూ పరిగెత్తుతాం. అదే సినిమాలో అందరికీ గుర్తున్న సైకిల్ చెయిన్ లాగడం మాత్రం చెయ్యి, చెయిన్, మొహం: కట్ చేసిన ముక్కలు. వెంటపడాల్సిన చోట వెంటపడి, ఆగి చూడాల్సిన చోట ఆగారు.

గింబల్ (చేత్తో పట్టుకునే, కుదుపు తగ్గించే చిన్న పరికరం) అద్దెకి తెచ్చాం కదా అని కూర్చుని మాట్లాడే సీనులో కూడా నటుల చుట్టూ ప్రదక్షిణం చెయ్యకండి.

ఫోన్‌తో తీస్తున్నాం. మాకూ ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తిస్తాయి, ఒక్క జాగ్రత్తతో. ఫోన్ మెయిన్ కెమెరా వైడ్ లెన్స్, అంటే ఎక్కువ మేర పట్టే లెన్స్. దాంతో మొహం నిండేదాకా దగ్గరికెళ్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. హీరోయిన్ అలుగుతుంది. వెనక్కి రెండడుగులు వేసి 2ఎక్స్ పెట్టండి. మొహం ఆకారాన్ని మార్చేది నిజానికి లెన్స్ కాదు, దూరం. పిచ్చివాడి పాత్రకో, తాగి మీదకొచ్చే మనిషికో ఆ ఉబ్బే కావాలనుకుంటే వైడ్‌తోనే మీదకెళ్లండి.

నిలువు ఫ్రేములో ఇద్దరు పక్కపక్కన ఇమడరు. ఒకర్ని ముందు, ఒకర్ని వెనక పెట్టండి. మెట్లున్న ఇల్లు దొరికితే వదలకండి.

సింగిల్ షాట్‌లో తీస్తే గొప్పేనా?

కష్టమే. గొప్పా కాదా అన్నది ప్రేక్షకుడికి కట్ కావాలనిపించిందా లేదా అన్నదాన్ని బట్టి.

షాట్ డివిజన్ (ఏ సీనుని ఏయే షాట్లుగా తీయాలన్న పట్టీ) రాసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

నోట్‌బుక్‌లో సీను నంబరు పక్కన నేను ఒక్క ప్రశ్నే రాసుకుంటాను: ఈ సీనులో ఏ క్షణం తర్వాత పరిస్థితి ముందులా ఉండదు? ఆ క్షణానికి షాట్ ముందు ఖాయం చేస్తాను. చపాతీ సీనులో అది ఆగిన చెయ్యి. మిగతావన్నీ ఆ షాట్‌కి దారి వదిలేలా ఉండాలి, అంటే అంతకుముందు చేతుల మీదికి ఎక్కడా వెళ్లకూడదు.

నేర్చుకోవడానికి ఖర్చు లేని పద్ధతి: మీకు కంఠతా వచ్చిన సీను ఒకటి సౌండ్ తీసేసి చూడండి. కట్ పడ్డప్పుడల్లా ఆపి, కెమెరా నిలబడ్డ చోటు నేల ప్లానులో చుక్కగా పెట్టండి. రెండు నిమిషాల సీనుకి ఓ సాయంత్రం పడుతుంది. చుక్కలన్నీ ఎవరివైపు చేరాయో చూస్తే మీకే తెలిసిపోతుంది.

మా దర్శకుడు "ముందు అన్ని యాంగిల్స్‌లో తీసేద్దాం, ఎడిటింగ్‌లో చూసుకుందాం" అంటున్నాడు. ఏం చెయ్యాలి?

రెండు బ్యాటరీలు ఎక్కువ తెచ్చుకోండి. కుక్క కనబడితే దాన్నీ ఒక షాట్ తీసి పెట్టుకోండి.